లేజర్ వెల్డింగ్‌కు గ్యాస్ అక్కర్లేదని ఎవరన్నారు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో చేతి లేజర్ వెల్డింగ్ మిషన్ల మీద వచ్చిన వార్త చదివాను. లోన్ తీసుకుని మిషన్ పెట్టుకున్న కుర్రాడి ఫొటో వేశారు, సంతోషం. రాసింది చాలావరకు నిజమే. పని తొందరగా తెములుతుంది, షీటు వంకర తిరగదు, మెరుగు పెట్టే బఫింగ్ కూలి సగం మిగులుతుంది. కానీ చివరి పేరాలో ఒక వాక్యం ఉంది: "దీనికి రాడ్ల ఖర్చు, గ్యాస్ ఖర్చు ఉండదు." రాడ్ల మాట సరే. గ్యాస్ మాట మాత్రం తప్పు. ఆ వాక్యాన్ని నమ్మి మిషన్ కొన్నవాడికి ఏమవుతుందో నేను చెప్పగలను. గ్యాస్ పెట్టుకుని కూడా దాని సంగతి పట్టించుకోనందుకు నాకే అయింది.

నాది మడికొండలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. 1992లో ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ పాసై, వరంగల్ కాశిబుగ్గలో ఒక సేటు దగ్గర గేట్లకు, గ్రిల్స్‌కు రాడ్ కాలుస్తూ మొదలుపెట్టాను. తర్వాత సొంతంగా స్టీలు పని. హోటల్ కౌంటర్లు, మెట్ల రెయిలింగులు, పాల కేంద్రాల టాంకులు. స్టీలు పనంతా ఆర్గాన్ మీదే, అంటే కరిగిన లోహానికి గాలి తగలకుండా మీద వదిలే గ్యాస్ మీదే. మా లైన్లో టిగ్ వెల్డింగ్ అని ఎవరూ అనరు, ఆర్గాన్ వెల్డింగ్ అనే అంటారు. పని పేరులోనే గ్యాస్ పేరు ఉండేది. లేజర్ వచ్చాక ఆ పేరు పోయింది, దాంతోపాటే గ్యాస్ మీద ధ్యాసా పోయింది.

పోయినేడు ఉగాది వెళ్లాక 1500 వాట్ల మిషన్ కొన్నాను. మిషన్ బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఒక పూట డెమో ఇచ్చాడు. గన్ పట్టుకునే తీరు, స్క్రీన్ మీద పవర్, వాబుల్ (కిరణం అటూ ఇటూ ఊగే) వెడల్పు, లెన్స్ మార్చడం, కళ్లద్దాలు, అన్నీ ఓపిగ్గా చూపించాడు. గ్యాస్ దగ్గరికొచ్చేసరికి "ఆర్గాన్ పెట్టండి సార్, నిమిషానికి 15, 20 లీటర్ల మధ్యలో" అని ఒక్క మాటతో సరిపెట్టాడు. పాపం, ఆయనకు హైదరాబాద్ బస్సు టైమవుతోంది.

ఆషాఢంలో తగిలింది దెబ్బ. నర్సంపేట వైపు ఒక పల్లెలో పాల కేంద్రం నడిపే ఆయనకు 300 లీటర్ల టాంకి చేసిచ్చాను. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, 2 మిల్లీమీటర్ల షీటు. అతుకు అద్దంలా వచ్చింది. చూసిన ప్రతివాడూ వేలితో నిమిరి పోయాడు. పది రోజులకు ఫోన్.

"కాకా, నీ టాంకికి చెమట పడ్తాంది."

నవ్వాను. వానాకాలం, లోపల చల్లటి పాలు, బయట చెమర్చదా అన్నాను.

"చెమటైతే అంతటా పడాలె గదా, అతుకు కాడనే ఎందుకు పడ్తది?"

ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది.

టాంకి వెనక్కి తెప్పించి అతుకు పొడవునా సందుల్లోకి దిగే ఎర్ర రంగు స్ప్రే కొట్టి, పది నిమిషాలాగి తుడిచి, దిగిన రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ మీద కొట్టాను. చూస్తుండగానే తెల్ల పొడి మీద ఎర్ర చుక్కలు తేలాయి, పిల్లలకు తట్టు పోసినట్టు. గ్రైండర్ పెట్టి పైన అర మిల్లీమీటరు తీస్తే చుక్కలు ఇంకా పెరిగాయి. పైన అద్దం, కింద జల్లెడ. వీటిని మేం సూదిపొక్కలు అంటాం, పుస్తకాల్లో పోరాసిటీ. కారిన పాలు లెక్క కాదు, నాలుగు చుక్కలు. అసలు సంగతి వేరే. పొక్కలో దాగిన పాలబొట్టు ఎంత కడిగినా పోదు, రాత్రికి పులుస్తుంది. తెల్లారి పోసే 300 లీటర్లకూ అదే తోడు. ఆయన రెండుసార్లు పాలు పారబోసుకున్నాడట, మర్యాదకు నాతో చెప్పలేదు.

ముందు షీటును అనుమానించాను. 304 పేరు చెప్పి చౌకరకం 202 అంటగట్టడం బజార్లో కొత్తేమీ కాదు, అయస్కాంతంతో ఆ రెండింటికీ తేడా తెలియదు. గ్రేడు తేల్చే మందు చుక్క వేసి చూశాను, షీటు మంచిదే. తర్వాత మిషన్‌ను అనుమానించి ఫోన్ చేస్తే "పవర్ పెంచండి సార్" అన్నారు. పెంచాను. పొక్కలు ఇంకా పెద్దవయ్యాయి. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, గన్ పట్టే పిల్లగాణ్ని తిట్టాను.

గ్యాస్ మీదికి నా బుద్ధి వెళ్లడానికి నాలుగు రోజులు పట్టింది. అదీ మూలన పడేసిన పాత ఆర్గాన్ సెట్టు కంటపడ్డాక. వెల్డింగ్ పిల్లలకు పనికొచ్చే చిట్కా కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ సెట్టు టార్చ్‌లోని టంగ్‌స్టన్ కడ్డీ మొన కొత్తగా నూరి, సెట్టును అదే సిలిండర్‌కు, అదే పైపుకు తగిలించి, శుభ్రమైన స్టీలు ముక్క మీద 10 సెకన్లు ఆర్క్ పెట్టాలి. ఆపాక టార్చ్ కదపకుండా గ్యాస్ పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. గ్యాస్ మంచిదైతే మొన వెండిలా మెరుస్తుంది. గాలో తేమో కలిస్తే నీలంగా, వంకాయ రంగుగా, మరీ పాడైతే నల్లగా మారుతుంది. నాది నల్లగా వచ్చింది. ముప్పై ఏళ్లుగా చేతిలో ఉన్న పరీక్ష, 5 లక్షలు దాటిన మిషన్ ముందు నిలబడి మర్చిపోయాను.

తప్పు ఒక్క చోటే కాదు, మూడు చోట్ల ఉంది. మొదటిది పైపు. ఆర్గాన్ సెట్టుదే పాత రబ్బరు పైపు, 15 మీటర్లు, లేజర్‌కు తగిలించి ఉంది. సబ్బు నీళ్లు రాస్తే క్లాంపు దగ్గర బుడగలు లేచాయి. లోపల ప్రెషర్ ఉంటే గ్యాస్ బయటికే పోతుంది గానీ గాలి లోపలికెట్లా వస్తుందని నేనూ అనుకునేవాణ్ని. వస్తుంది. ఆ సందులోంచే గాలి, తేమ ఎదురెక్కుతాయి. పైగా రబ్బరు వానాకాలం తేమను పీల్చుకుని, పొద్దున మొదటి గంటంతా గ్యాస్‌లోకి వదులుతుంటుంది. రెండోది సిలిండర్. ఆ నెల మామూలు డీలరు దగ్గర సరుకు లేకపోతే ఇంకొకరి దగ్గర తెచ్చాం. వాల్వుకు సీలు లేదు, బిల్లు మీద "ఆర్గాన్ 1" అని తప్ప గ్రేడు లేదు. నీలం రంగు సిలిండర్ కాబట్టి లోపలున్నది ఆర్గానే కావచ్చు, ఎంత శుద్ధమైనదో దేవుడికే తెలియాలి. మూడోది మా పిల్లగాడి తెలివి. అతుకు నల్లబడుతోందని రోజుకింత పెంచుకుంటూ పోయి గ్యాస్‌ను నిమిషానికి 30 లీటర్ల మీద పెట్టాడు.

ఈ మూడోదే అందరూ చేసే తప్పు. ఎక్కువ గ్యాస్ వదిలితే ఎక్కువ రక్షణ అనుకుంటాం. పొలం ఉన్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: బోరు పైపు మడిలోకి నేరుగా వదిలితే నీళ్లు గుంత తవ్వి మట్టిని కలియబెడతాయి, అందుకే కింద గోనెసంచి వేస్తాం. గ్యాస్ కూడా అంతే. మెల్లగా వస్తే కరిగిన లోహం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. దూకుడుగా వస్తే సుడి తిరిగి చుట్టుపక్కల గాలిని తనే లోపలికి లాక్కొస్తుంది. ఖర్చు లెక్క కూడా చూడండి. 47 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ప్రెషర్ దగ్గర 7 ఘనమీటర్ల గ్యాస్ పడుతుంది, అంటే 7000 లీటర్లు. నిమిషానికి 15 చొప్పున గన్ నడిచే సమయం 7 గంటల 45 నిమిషాలు. 30 పెడితే 4 గంటలు కూడా రాదు. డబ్బులిచ్చి మరీ పొక్కలు కొనుక్కుంటున్నామన్నమాట.

పైపు మార్చాను, గ్రేడు రాసిన 99.999 శాతం సిలిండర్ తెచ్చాను, 15 దగ్గర కట్టాను. చుక్కలు బాగా తగ్గాయి. కానీ పూర్తిగా పోలేదు. అసలు పాఠం అక్కడే మొదలైంది.

మా ఆర్క్ వెల్డింగ్‌లో లోహం చెరువులా కరుగుతుంది. లేజర్ అట్లా కాదు, వెలుతురుతో బోరు వేస్తుంది. కిరణం పడ్డచోట లోహం కరగడమే కాక మరిగి ఆవిరై, ఆ ఆవిరి తోపుడుకు సన్నటి లోతైన గుంత పడుతుంది. గన్ ముందుకు జరిగేకొద్దీ ఆ గుంత కూడా జరుగుతుంది, వెనకాల లోహం మూసుకుంటుంది. ఆ గుంత గోడలు నిలకడగా ఉండవు, ఇసుకలో తవ్విన చెలిమెలాగా కూలుతుంటాయి. కూలినప్పుడు అడుగున ఇంత గ్యాస్ చిక్కుకుంటుంది. లేజర్ అతుకు క్షణంలో గడ్డకడుతుంది కాబట్టి బుడగ పైకి తేలేలోపు మీద తలుపు పడిపోతుంది. పవర్ పెంచితే నాకు పొక్కలు పెరిగిందీ అందుకే. లోతు పెరిగింది గానీ అడుగు దాటలేదు. కిరణం షీటు అవతలికి పూర్తిగా దిగితే గుంతకు కింద కూడా నోరుంటుంది, గ్యాస్ అటు నుంచీ పోతుంది.

ఈ సంగతి నాకు చెప్పింది వరంగల్ ఎన్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే ఒక పిల్లగాడు. ఏదో ఫిక్చర్ చేయించుకోవడానికి వచ్చి, నేను తల పట్టుకుని కూర్చోవడం చూసి ఆగాడు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కతయామా అనే ఆయన బృందం, వెల్డింగ్ జరుగుతుండగానే ఎక్స్‌రే కెమెరాతో లోహం లోపలికి చూసి, గుంత అడుగున బుడగలు పుట్టడం కళ్లారా చూశారట. స్టీలుకు ఆర్గాన్ బదులు నైట్రోజన్ పెడితే ఆ బుడగలు బాగా తగ్గాయట. "అంకుల్, ఒకసారి నైట్రోజన్ ట్రై చేసి చూడండి" అన్నాడు. నైట్రోజన్ కటింగ్‌కు గదా, వెల్డింగ్‌కు ఎవరు పెడతారయ్యా అన్నాను. చూడటానికేం పోయిందన్నాడు.

సరే, చూద్దామని ఒక ఆదివారం షెడ్డు తలుపు దించి కూర్చున్నాను. అదే షీటులోంచి నాలుగు జతల ముక్కలు కోసి, అంచులు అసిటోన్‌తో తుడిచి, పవర్, వేగం మార్చకుండా అతికించాను. ఒకటి ఆర్గాన్ 5 లీటర్ల మీద, ఒకటి 15, ఒకటి 30, నాలుగోది నైట్రోజన్ 15. అతుకుకు అడ్డంగా హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయి పెట్టి, 120 నుంచి 1000 నంబరు దాకా ఎమరీ కాగితం మీద నీళ్లు పోస్తూ రుద్దాను. చూడటానికి మైక్రోస్కోపు లేదు. మా పెద్దనాన్న ఆజంజాహీ మిల్లులో పనిచేసేటప్పుడు బట్టలో దారాలు లెక్కబెట్టిన మడత భూతద్దం ఇంట్లో ఉంది. మిల్లు పోయింది, అద్దం మిగిలింది. అంగుళంలో ఎన్ని పోగులో చూసిన అద్దంతో నేను పొక్కలు లెక్కబెట్టాను.

5 లీటర్ల ముక్క పైనే మసిబారింది, లోపల చిన్నా పెద్దా కలిపి పొక్కలు. 30 లీటర్లది పైన నీలం, బంగారు రంగు చారలు, లోపల అంచుల వెంబడి చెదురుమదురు బొక్కలు. 15 లీటర్ల ఆర్గాన్ ముక్క పైన తళతళా ఉంది, లోపల మాత్రం అడుగు దగ్గర మూడు గుండ్రటి బుడగలు, కంపాస్‌తో గీసినట్టు. నైట్రోజన్ ముక్కలో వెతికి వెతికి ఒకటి పట్టుకున్నాను, అదీ ఆవగింజలో పావు వంతు. రెండోసారి, మూడోసారి కోశాను. అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ వరుస మారలేదు.

కారణం తెలిశాక చాలా తేలిగ్గా అనిపించింది. ఆర్గాన్ దేనితోనూ కలవదు. 1894లో రేలీ, రామ్సే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని గాలిలోంచి వేరు చేసి, గ్రీకు భాషలో సోమరి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనకు కావాల్సిందీ ఆ సోమరితనమే, లోహాన్ని ముట్టుకోదు. కానీ గుంతలో చిక్కుకుంటే అక్కడా సోమరిగానే కూర్చుంటుంది, కరగదు. నైట్రోజన్ అయితే కరిగిన 304 స్టీలులోకి ఉప్పు నీళ్లలో కరిగినట్టు పోతుంది, ఆ జాతి స్టీలు గట్టిపడ్డాక కూడా దాన్ని కడుపులో దాచుకోగలదు. బుడగ చిక్కుకున్నా క్షణంలో లోహంలో కరిగిపోతుంది.

ఇది చదివి అన్నిటికీ నైట్రోజన్ పెట్టేయకండి, మళ్లీ నన్ను తిడతారు. మామూలు ఇనుము అంత నైట్రోజన్ దాచుకోలేదు. కరిగినప్పుడు పీల్చుకున్నది గడ్డకట్టేటప్పుడు కక్కుతుంది, అదే పొక్క అవుతుంది. అల్యూమినియంకూ, టైటానియంకూ అసలే పెట్టకూడదు, నైట్రోజన్‌తో కలిసి పెళుసు బారతాయి. అల్యూమినియం గొడవే వేరు. దాని శత్రువు తేమలోంచి వచ్చే హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం పట్టుకున్నంత హైడ్రోజన్‌లో గట్టిపడ్డ అల్యూమినియం దాదాపు 20వ వంతు మాత్రమే ఉంచుకోగలదు, మిగతాదంతా బుడగలే. శ్రావణ మాసంలో అల్యూమినియం పని ఒప్పుకునే ముందు నేను ఆకాశం చూస్తాను.

హీలియం సంగతి కూడా అడుగుతారు. పాత పుస్తకాల్లో, కొన్ని వీడియోల్లో "లేజర్‌కు హీలియమే మంచిది, ఆర్గాన్ ప్లాస్మా కట్టి కిరణాన్ని అడ్డుకుంటుంది" అని ఉంటుంది. ప్లాస్మా అంటే విపరీతమైన వేడికి వెలిగే గ్యాస్ మేఘం. అది అబద్ధం కాదు, కాకపోతే కార్బన్ డయాక్సైడ్ లేజర్ల కాలం మాట. వాటి కిరణం తరంగం పొడవు 10.6 మైక్రాన్లు. మన చేతి మిషన్లలోని ఫైబర్ లేజర్‌ది దాదాపు 1.07, అంటే పదో వంతు. ప్లాస్మా కిరణాన్ని మింగడం ఆ తరంగం పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మనకు ఆ బాధ దాదాపు నూరో వంతే. ధర విన్నాక హీలియం జోలికి నేనెట్లాగూ పోను. ఒక్క విషయం మాత్రం మా అమ్మాయి చెబితే ముచ్చటేసింది. 1868 ఆగస్టు 18న సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరుకు వచ్చాడట, హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైందట. భూమ్మీద దాన్ని పట్టుకున్నది మళ్లీ ఆ రామ్సేనే, 1895లో.

ఏ గ్యాస్ పెట్టినా కుదరని పనులూ ఉన్నాయి. జీఐ షీటు మీద జింక్ పూత 907 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, కింద ఉక్కు కరగాలంటే 1500 దాకా పోవాలి. షీటు మీద షీటు బిగించి కాలిస్తే మధ్యలో ఇరుక్కున్న జింక్ ఆవిరికి దారి కావాలి, అది కరిగిన లోహంలోంచే పేలుకుంటూ పైకొస్తుంది. పూత గీకేయాలి, లేదా మధ్యలో కాగితమంత సందు వదలాలి. ఆ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వస్తుందని వెల్డర్లందరికీ తెలుసు, పాలు తాగితే పోతుందని తాగుతాం కూడా. మందు పాలలో లేదు, గీకడంలో, గాలాడే చోట కూర్చోవడంలో ఉంది. పెంబర్తి నుంచి ఒక పనివాడు విరిగిన ఇత్తడి మకరతోరణం పట్టుకుని లేజర్ పేరు విని వచ్చాడు. ఇత్తడి అంటే రాగి, జింకే గదా, ముక్క మీద చూపించాను, పటపటా చిట్లి నురగలా అయింది. మీ తాతల పద్ధతిలోనే వెండి టాకా వేసుకో తమ్మీ అని పంపించాను.

ఇక గ్యాస్ గురించి రాస్తూ ఇది రాయకపోతే తప్పు. టాంకి అతుకు లోపలి వైపు నల్లగా గింజకట్టకుండా లోపల కూడా ఆర్గాన్ నింపుతాం. ఆగస్టులో ఇంకో టాంకి చేస్తూ నింపాం. అతుకు ఎట్లా వచ్చిందో చూద్దామని మా పిల్లగాడు మ్యాన్‌హోల్‌లోంచి తల, భుజాలు లోపలికి పెట్టాడు. పక్కనే నిలబడి నేను ఫోన్ మాట్లాడుతున్నాను. అరనిమిషం కూడా కాలేదు, వాడి చెప్పు ఒకటి జారి కింద పడ్డ చప్పుడైంది. చూస్తే మోకాళ్లు మడతపడి వేలాడుతున్నాడు. నడుం పట్టి వెనక్కి లాగాం. ఫ్యాను కింద కూర్చోబెడితే రెండు నిమిషాలకు కళ్లు తెరిచి "ఏమైందన్నా?" అని నన్నే అడిగాడు. వాడికి ఊపిరాడనట్టే అనిపించలేదట. అనిపించదు మరి. ఉక్కిరిబిక్కిరి అనిపించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటేనే. ఆర్గాన్ పీలిస్తే అది మామూలుగానే బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రం అందదు. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా దాదాపు 1.4 రెట్లు బరువు, టాంకి అడుగున నీళ్లలాగా నిలుస్తుంది. ఇప్పుడు మా దగ్గర బ్లోయరు పెట్టి, ఆక్సిజన్ మీటరు లోపలికి దించి చూడందే ఎవరూ తల పెట్టరు. గాలిలో ఉండాల్సింది 21 శాతం, 19.5 కన్నా తగ్గితే లోపలికి పోకూడదు. మిషన్ ధరతో పోలిస్తే ఆ మీటరు పెద్ద ఖర్చేమీ కాదు. మిషన్‌తోపాటు దాన్ని ఎవరూ అమ్మరు, అడిగేవాడూ లేడు.

"గ్యాస్ ఖర్చు ఉండదు" అన్న మీ వాక్యం నన్ను ఎందుకు పొడిచిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దయచేసి సవరణ వేయండి. సవరణ వేసేటప్పుడు ఇంకో మూడు మాటలు కూడా మీ పత్రిక ద్వారా పెద్దల చెవిన పడితే మేలు.

రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు, మంచిది. అక్కడ పిల్లలకు లేజర్ నేర్పితే గన్ పట్టడంతో ఆపకండి. అతికించిన ప్రతి ముక్కనూ అడ్డంగా కోయించండి, రుద్దించండి, లోపల ఏముందో వాళ్లతోనే చూపించి మార్కులు వేయండి. పైనుంచి చూసి మార్కులేస్తే లేజర్ అతుకు ఎప్పుడూ ఫస్టు క్లాసే. కాజీపేట పక్కన అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రేపు దానికి చుట్టుపక్కల షెడ్లు చిన్నాచితకా జాబ్‌వర్క్ చేయాలంటే అక్కడ వేలితో నిమిరి తీసుకోరు, లోపలిదాకా పరీక్షిస్తారు.

ఎన్ఐటీ మా షెడ్డుకు దగ్గర్లోనే ఉంది. నెలకు ఒక్క పూట, మాలాంటివాళ్లు ఫీజు కట్టి ఒక అతుకు చూపించుకునే వీలు కల్పిస్తే, నాలాగా పెద్దనాన్న భూతద్దం మీద ఆధారపడాల్సిన పని ఉండదు. గ్యాస్ డీలర్లు బిల్లు మీద గ్రేడు, శుద్ధత శాతం రాసివ్వాలి. ఇది ఎవరూ కాదనే కోరిక కాదు, మేం అడగం కాబట్టే రాయడం లేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను, రాసిస్తున్నారు.

నర్సంపేట టాంకి అతుకు మొత్తం కోసేసి నైట్రోజన్ మీద మళ్లీ వేసి పంపాను, కూలి తీసుకోలేదు, పారబోసిన పాల డబ్బులు కూడా ఇచ్చాను. ఆయన మాత్రం ఇప్పటికీ వారానికోసారి అతుకు మీద పొడిబట్ట రాసి చూసుకుంటాడట.

నేను కోసిన నాలుగు ముక్కలూ షెడ్డు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాయి, పక్కనే దారంతో కట్టిన భూతద్దం. మిషన్ కొందామని సలహా కోసం వచ్చే పిల్లలకు ముందు ఆ అద్దమే చేతికిస్తున్నాను. మీ విలేకరి ఇటువైపు వస్తే ఒకసారి ఆగమని చెప్పండి, ఆయనకూ ఇస్తాను.

ఇట్లు,
ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమాని,
మడికొండ, హనుమకొండ జిల్లా.